సొట్ట లేని కారు

నా నోట్లో ఇప్పుడు ఇరవై ఎనిమిది పళ్ళున్నాయి. ఒక్కటీ నాది కాదు. రాజమండ్రిలో కొత్తగా తెరిచిన ఆసుపత్రిలో, ఏసీ గదిలో కూర్చోబెట్టి మరీ బిగించారు. కవాతుకి నిలబడ్డ పోలీసుల్లా తెల్లగా, వరసగా ఉన్నాయి. ఇంటికొచ్చి అద్దంలో నవ్వి చూసుకుంటే పళ్ళపొడి డబ్బా మీది బొమ్మ నన్ను చూసి నవ్వినట్టుంది. మా ఆవిడ కాసేపు పరీక్షగా చూసి, "బాగున్నాయండీ, ఎవరివి?" అంది.

ఆ మాట అన్న వారానికే మా ఊళ్ళో పళ్ళు కట్టే ఆయన పోయారని కబురొచ్చింది. ఆ ప్రశ్న ఎవరికీ తట్టకుండా పళ్ళు పెట్టగలిగిన మనిషి మా మండపేటలో ఆయన ఒక్కరే.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇప్పుడు ఆయనకి కొత్తగా ఒరిగేదేమీ లేదు. రాయవలసిన రోజున, రాయవలసిన చోట నేను రాయనివ్వలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ నాలుగు ముక్కలూ.

పళ్ళ డాక్టరు గారి క్లినిక్కులో, తెర వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారు చేసేవారు. ఆ పని చేసేవాళ్ళని డెంటల్ మెకానిక్కు అంటారు. మా ఊరివాళ్ళు అందులోంచి డెంటల్ పీకేసి మెకానిక్కుని మాత్రం ఉంచుకున్నారు. మెకానిక్కు గారూ అని పిలిచేవారు. అది విని కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లు గేరు పడట్లేదని ఆయన గుమ్మం ముందు బండి ఆపేవారు. ఆయన వెంటనే కాదనేవారు కాదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, లేచి, తృప్తిగా చూసుకుని, అప్పుడు చెప్పేవారు: "నాకు రాదండి."

అలా తిరిగి చూడటమే ఆయన పిచ్చి. మనుషుల మొహాలు ఆయనకి గుర్తుండేవి కావు. వాళ్ళ బళ్ళు గుర్తుండేవి. "మొన్న మీకోసం ఒకాయన వచ్చారండి" అనేవారు. ఎవరండీ అంటే, "ఎడమ ఇండికేటరు లేని స్కూటరు ఆయన" అనేవారు. పెళ్ళికి పిలిస్తే పందిట్లోకి రాకుండా బయట ఆగిన కార్ల వరస పొడుగునా నడిచేవారు. ఆయన భోజనానికి వచ్చేసరికి గారెలు అయిపోయేవి. చావింటికొచ్చి జీపు టైర్లు చూస్తున్నాడేంటని తిట్టుకున్న పెద్దమనుషులు కూడా ఉన్నారు. ఆ పెద్దమనుషులు అక్కడ పొలం బేరాలు మాట్లాడుకుంటున్నారు. అది వేరే సంగతి.

బొమ్మల కొట్లో అరచేతిలో పట్టే లోహపు కార్లు దొరుకుతాయి. పోత పోసినవి, బరువుగా ఉంటాయి. రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా రెండు మూడు కొనుక్కొచ్చేవారు. అన్నీ సీమ కార్లు. మన రోడ్డు మీద తిరగని రకాలు, మన రోడ్డు మీద ఎవరూ వెయ్యని రంగులు. అడుగున ఉండే రెండు రివెట్లని పన్ను తొలిచే మరతో తొలిచి, కారుని విప్పేసేవారు. బాడీని రంగు ఊడగొట్టే మందులో నానబెట్టేవారు. ఇంట్లో ఆవకాయ జాడీ ఒకటి ఇందుకోసం బలైపోయింది. రంగు పోయి, బూడిద రంగులో, పురిటి బిడ్డలా బయటికొచ్చిన బాడీకి అప్పుడు అసలు పని మొదలయ్యేది. ఒకచోట అరగదీసి, ఇంకోచోట కట్టుడు పళ్ళకి వాడే ముద్ద పెట్టి పెంచి, పళ్ళ సెట్టుకి కొక్కేలు చేసే తీగతో బంపరు వంచి, చిగుళ్ళకి వాడే గులాబీ రంగు ముద్దతో సీట్లు పోసి, మూడు వారాలకి ఆ సీమ కారుని మా ఊరి కారు చేసేవారు. ఏదో ఒక అంబాసిడరు కాదు. ఎరువుల కొట్టు ఆయన అంబాసిడరు. ఏదో ఒక జీపు కాదు. పశువుల డాక్టరు గారి జీపు, వెనక సీటు మీద కుట్లతో సహా.

వాటిని చూసి ముచ్చటపడని వాళ్ళు లేరు. ముచ్చటపడి వెంటనే, "ఈ వయసులో ఈ కార్లాటేంటండీ?" అనని వాళ్ళూ లేరు. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆయనకో నియమం ఉండేది. అసలు బండికి ఎక్కడ సొట్ట ఉంటే బొమ్మకీ అక్కడ సొట్ట ఉండాలి. గీత ఉంటే గీత. తుప్పు ఉంటే తుప్పు.

"సెట్టు కట్టేటప్పుడు పళ్ళు మరీ వరసగా పెడితే తెలిసిపోద్దండి" అనేవారు. "ఒక పన్ను కాస్త ఒరగాలి. అప్పుడే సొంతవి అంటారు. బండీ అంతేనండి. సొట్ట లేని బండి షోరూముదండి, మనిషిది కాదు."

సొట్ట ఎలా పెట్టేవారో ఒకసారి దగ్గర కూర్చుని చూశాను. సుత్తి తీస్తారనుకున్నాను. ఆయన బాడీని వెల్లకిలా తిప్పి, లోపలి వైపు నుంచి సన్నటి మరతో అరగదీయడం మొదలుపెట్టారు. అలా గంటసేపు. మధ్యమధ్య వేలితో తడిమి చూసుకోవడం, మళ్ళీ అరగదీయడం. అక్కడి లోహం ఉల్లిపొరంత అయ్యాక, బయట నుంచి చెంచా వీపుతో ఒక్కసారి మెత్తగా నొక్కారు. సొట్ట పడింది. ఏ గేదో ఆనుకుని పోయినట్టు, అచ్చం.

"ఈ లోహం పెళుసండి. బయట నుంచి కొడితే పగులుద్ది. లోపల పల్చబడితేనే సొట్ట పడేది" అన్నారు.

నేను తలూపాను. వేడి టీ ఊదుకుంటున్నాను కూడా.

బొమ్మ పూర్తయ్యాక ఒక తంతు మిగిలేది. పళ్ళ సెట్టు పెట్టిచ్చే ప్లాస్టిక్ డబ్బాలో దూది పరిచి, అందులో బొమ్మని పడుకోబెట్టి, అసలు బండి ఎక్కడుంటే అక్కడికి వెళ్ళేవారు. బానెట్టు మీద బొమ్మని పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసుకుని రెంటినీ చూసేవారు. "ఆఁ" అనేవారు. అంతే. డబ్బా మూసేసి ఇంటికెళ్ళిపోయేవారు. అలా పక్కన పెట్టి చూడని బొమ్మ ఎంత బాగున్నా, "ఇంకా పచ్చిదండి" అనేవారు.

అసలు మా పరిచయమే అన్నవరంలో. నేను ఎవరో వాడి వదిలేసిన మారుతి కారొకటి కొన్నాను. ముదురు నీలం. పాతదైనా నాకు కొత్తదే కాబట్టి పూజ చేయించడానికి తీసుకెళ్ళాను. బళ్ళ వరసలో నా పక్కన ఒకాయన తెల్ల చొక్కా వేసుకుని నిలబడి ఉన్నారు. ఆయన ముందు ఒక ఇటుక. ఇటుక మీద బెత్తెడు లారీ. దానికి బంతిపువ్వు రెక్కలతో దండ.

పంతులు గారు ఆగి, "ఇదేంటండీ?" అన్నారు.

"లారీ అండి."

"అది కనపడుతోందండి. టికెట్టు ఏ బండికి తీసుకున్నారు?"

"ఆరు చక్రాలదానికేనండి."

చక్రాల కింద నాలుగు పచ్చి బఠాణీలు పెట్టి ఉన్నాయి. నేనుండబట్టలేక, "నిమ్మకాయలు దొరకలేదాండీ?" అన్నాను.

"నిమ్మకాయ పెడితే లారీ కనపడదు కదండీ" అన్నారాయన, చాలా నిదానంగా. "మా వీధిలో డ్రైవరు గారి లారీ అండి. దానికి పోయిన వారం ఇక్కడే పూజ జరిగింది. దీనికి చెయ్యకపోతే రెండిటికీ తేడా వచ్చేస్తది కదండీ?"

పంతులు గారికి ఆ తర్కంలో లోపం దొరకలేదు. మంత్రం మొత్తం చదివి కుంకుమ బొట్టు పుల్లతో పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా మా ఆవిడకి బఠాణీల సంగతి చెప్పి నవ్వుతూనే ఉన్నాను. ఆ నవ్వులో పడి మా మిల్లు గేటు స్తంభానికి కారు ఎడమ తలుపు తగిలించాను. పూజ చేయించిన రోజే సొట్ట. మర్నాడు ఆయన ఎదురుపడి, నాకంటే ముందు నా తలుపుని పలకరించారు. "ఇప్పుడు ఇది మీదయ్యిందండి" అన్నారు.

నేను పనిచేసేది ఒక రైసు మిల్లులో. అప్పటికి చిన్న మేనేజర్ని. పెద్ద మేనేజరు గారు రిటైరు కాబోతున్నారు. ఆ కుర్చీకి ఇద్దరం పోటీ. రెండో అతను యజమాని గారి బావమరిదికి స్నేహితుడు. నాకున్న అర్హతల్లా పదిహేనేళ్ళుగా పని చేయడం. దాని విలువ ఎంతో నాకు తెలుసు కాబట్టి వేరే దారి ఆలోచించాను.

మా యజమానిని అందరూ బాబుగారు అంటారు. ఆ ఏడాది ఆయన షష్టిపూర్తి. ఆయనకి ఒక పాత అంబాసిడరు ఉండేది, మీగడ రంగుది. మిల్లు పెట్టినప్పుడు కొన్నది. బిడ్డల కంటే దాన్ని ఎక్కువ చూసుకునేవారు. దాని బొమ్మ చేయించి కానుకగా ఇస్తే? మెకానిక్కు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. కూలి మాట ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టారు. ఒక్కటే అడిగారు.

"అయ్యాక ఒకసారి ఆ కారు పక్కన పెట్టి చూసుకోనిస్తారాండీ?"

"దానికేం భాగ్యమండీ! మీరెప్పుడంటే అప్పుడు" అన్నాను. మాట ఇవ్వడంలో నాకు ఏనాడూ పిసినారితనం లేదు.

ఇరవై రోజుల తర్వాత బొమ్మ చూసి నా గుండె ఆగినంత పనయింది. అంత బాగుంది. వెనక డిక్కీ మీద మిల్లులో ఎప్పుడూ పడి ఉండే సన్నటి తవుడు పొడి కూడా ఉంది. కానీ ఎడమ వైపు వెనక మడ్‌గార్డుకి సొట్ట. చెరుకు ట్రాక్టరు తొట్టి తగిలి పడింది, అసలు కారుకీ ఉంది.

"మెకానిక్కు గారూ, షష్టిపూర్తికి సొట్ట కారు ఇస్తే ఏం బాగుంటుందండీ? అది తీసెయ్యండి."

"తీస్తే ఆయనది కాదండి."

"శుభమా అని ఇస్తుంటే..."

"ఆయనకి అరవై ఏళ్ళు కదండీ. ఆయనకి మాత్రం లేవాండి సొట్టలు?"

అరగంట వాదించాను. ఆయన నవ్వుతూ వింటూ, ఎవరి కింది దవడో చేత్తో పట్టుకుని నునుపు చేసుకుంటూ కూర్చున్నారు. చివరికి తిట్టుకుంటూ ఆ సొట్ట కారునే పట్టుకెళ్ళాను.

బాబుగారు డబ్బా తెరిచారు. చుట్టూ చుట్టాలు. ఆయన బొమ్మని చేతిలోకి తీసుకుని ముందు వైపు చూడలేదు. చూపుడు వేలు తిన్నగా వెనక మడ్‌గార్డు మీదికి పోయింది. సొట్ట తగిలింది. ఆయన మొహం మారిపోయింది.

"ఒరేయ్, ఇది నా కారేరా!" అన్నారు. అరవై ఏళ్ళ మనిషి కళ్ళలో నీళ్ళు. "ఎవరు చేశారయ్యా ఇది?"

అప్పుడు నేను ఒక పేరు చెప్పాలి. రెండు సెకన్ల పని. బావమరిది స్నేహితుడు పక్కనే వెండి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా నోట్లో అప్పటికి పళ్ళన్నీ నావే.

"నేనేనండి" అన్నాను.

"నువ్వా? ఈ సొట్ట కూడా పెట్టావా?"

"సొట్ట లేకపోతే తమరి కారు ఎలా అవుద్దండీ?" అన్నాను. అరగంట సేపు ఎవరితో వాదించానో ఆయన మాటనే, ఆయన గొంతుతోనే.

రెండు నెలల్లో పెద్ద మేనేజర్ని అయ్యాను. చదువు వల్ల కాదు, అనుభవం వల్ల కాదు. ఒక సొట్ట వల్ల. అదీ ఇంకొకరు పెట్టింది.

అక్కడితో ఆగితే బాగుండేది. బాబుగారు ఆఫీసు గదిలో ఒక గాజు బీరువా చేయించారు. "మా వియ్యంకుడి గారి కారు చెయ్యవయ్యా", "మన మొదటి లారీ చెయ్యవయ్యా" అని మొదలుపెట్టారు. నేను వెళ్ళి మెకానిక్కు గారికి చెప్పేవాణ్ణి. "బాబుగారికి మీ పని తెగ నచ్చేసిందండి" అనేవాణ్ణి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఒక్క ముక్క మింగేశాను, అంతే. ఏడాదిలో తొమ్మిది బొమ్మలు బీరువాలో చేరాయి. పైన ఒక అట్ట: 'మా మేనేజరు గారి చేతిపని'. అచ్చంగా ముద్రించిన అక్షరాలు. కళాకారుడికి తగ్గట్టు నేను కూడా శ్రమపడ్డాను. ప్రతి సోమవారం పొద్దున్నే బొటనవేలి గోటికి కాస్త నల్లరంగు పూసుకుని మిల్లుకి వెళ్ళేవాణ్ణి. ఆదివారమంతా పనిలో మునిగిపోయినట్టు.

బొమ్మ తీసుకెళ్ళిన ప్రతిసారీ మెకానిక్కు గారు అడిగేవారు. "అంబాసిడరు ఎప్పుడు చూద్దామండీ? అది ఇంకా పచ్చిగానే ఉండిపోయిందండి."

"బాబుగారు ఊళ్ళో లేరండి." "కారు షెడ్డుకెళ్ళిందండి." "మూఢం వెళ్ళనివ్వండి." మూఢానికీ కారు చూడటానికీ ఏంటి సంబంధమని ఆయన అడగలేదు. "అలాగేనండి" అనేవారు. ఆయన మిల్లు గుమ్మం తొక్కితే నా సంగతి బయటపడుతుంది. నాకు భయమల్లా అదే. ఆయనకి కావలసిందల్లా ఒక కన్ను మూసుకుని చూడటానికి అర నిమిషం.

ఆ మరుసటి ఏడు బాబుగారికి పళ్ళు కదలడం మొదలైంది. ఊళ్ళో మంచి సెట్టు ఎవరు కడతారో అందరికీ తెలుసు. పళ్ళు పీకించుకుని, అచ్చులు ఇచ్చాక, సెట్టు పెట్టి చూసే రోజున నన్ను తోడు రమ్మన్నారు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు, దొరికినవన్నీ అంబాసిడరు మీద వాడేశాను.

డాక్టరు గారు కుర్చీలో కూర్చోబెట్టారు. తెర వెనక నుంచి మెకానిక్కు గారు మైనం మీద నిలిపిన పళ్ళ సెట్టు తెచ్చి, పెట్టి చూపించారు. "తమరి పై పన్నొకటి పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉండేదండి. అలాగే పెట్టాను. వద్దంటే తిన్నగా పెడతాను."

బాబుగారు అద్దంలో చూసుకున్నారు. సొంత నోటిని చూసుకున్నట్టు చూసుకున్నారు. "ఉంచు, ఉంచు. ఇది నా పన్నే" అన్నారు. తర్వాత ఆయన చూపు కిటికీ వైపు వెళ్ళింది. కిటికీ గట్టు మీద సగం రంగు వేసిన బస్సు బొమ్మ.



"ఏవయ్యా, నువ్వూ చేస్తావేంటి ఇవి?" అన్నారు బాబుగారు.

"ఏదో సరదా అండి."

"మా మేనేజరు చేస్తాడు, చూశావా? మా మిల్లుకొచ్చి చూడు. తొమ్మిది చేశాడు. నా అంబాసిడరు చేశాడయ్యా, సొట్టతో సహా! చూస్తే నీకు మతిపోద్ది."

మెకానిక్కు గారు నావైపు తిరిగారు. ఆయన మొహాలు చూసే మనిషి కాదని చెప్పాను కదా. ఆ రోజు చూశారు. ఎంతసేపో చెప్పలేను. నేను గోడ మీద చిగుళ్ళ బొమ్మ చూస్తున్నాను.

"తెలుసండి" అన్నారు ఆయన. "నేను ఆయన దగ్గరే నేర్చుకున్నానండి."

బాబుగారు పొంగిపోయారు. "అదీ! ఇంకా బాగా నేర్చుకో. నీ బస్సుకి కిటికీలు వంకరొచ్చాయి."

"అసలు బస్సుకి వంకరేనండి" అన్నారు మెకానిక్కు గారు. బాబుగారికి అది వినపడలేదు.

మర్నాడు వెళ్ళి కాళ్ళమీద పడ్డానని రాయాలని ఉంది. వెళ్ళలేదు. పది రోజుల తర్వాత వెళ్ళాను, అదీ బాబుగారు మేనల్లుడి కారు అడిగితే. ఆయన ఎప్పటిలాగే స్టూలు తుడిచి వేశారు. టీ తెప్పించారు. నేను గొంతు సవరించుకున్నాను. ఆయన నాకు ఆ అవసరం లేకుండా చేశారు.

"ఇప్పుడు ఇబ్బంది లేదు కదండీ" అన్నారు. "మీ శిష్యుడిగా వస్తాను. మీరు చేసిందే మీరు నాకు చూపిస్తున్నట్టు చూపించండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్కసారి కారు పక్కన పెట్టి చూసేసుకుని వచ్చేస్తానండి."

అది ఎగతాళి అయ్యుంటే నాకు బాగుండేది. ఎగతాళి కాదు. నిజంగానే దారి కనిపెట్టి చెబుతున్నారు.

"చూద్దామండి" అన్నాను.

ఆ వేసవిలో బాబుగారు కొత్త కారు కొని, అంబాసిడర్ని తణుకులో ఎవరికో ఇచ్చేశారు. వాళ్ళు దాన్ని విప్పి సామాను అమ్ముకున్నారని తెలిసింది. ఆ సంగతి మెకానిక్కు గారికి నేనే చెప్పాను, ధైర్యవంతుణ్ణి కదా. ఆయన చేతిలో కుంచె ఉంది. దాన్ని టర్పెంటైనులో ముంచి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, మళ్ళీ తుడిచారు.

"అలాగాండి" అన్నారు.

ఆ తర్వాత నేను ఆ వీధికి పోవడం మానేశాను. నాకు కళ్ళు లాగుతున్నాయని బాబుగారికి చెప్పి నా కళకి విరామం ప్రకటించాను. ఆయన జాలిపడ్డారు. దాదాపు పదేళ్ళు, మిల్లుకి వెళ్ళాలంటే రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్ళాను. పన్ను నొప్పెడితే రాజమండ్రి వెళ్ళాను. నా నోట్లో ఇంత చక్కటి వరస ఉండటానికి కారణం అదే.

పెద్దకర్మ అయిపోయాక ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను చూడగానే కుర్చీ వేసి, లోపలికి వెళ్ళి ఒక పళ్ళ సెట్టు డబ్బా తెచ్చారు.

"ఎప్పుడో చేసి ఉంచారండి మీ కోసం. మీరొస్తారు, మీరొస్తారు అంటూ ఉండేవారు."

తెరిచాను. దూదిలో ముదురు నీలం మారుతి. నంబరు నాదే. డ్రైవరు సీటు మీద నేను పరిచే తువ్వాలు, దాని చారలతో సహా. వెనక అద్దానికి అన్నవరం స్టిక్కరు. ఎడమ తలుపు తిప్పి చూశాను. నున్నగా ఉంది. సొట్ట లేదు. గీత లేదు. ఎక్కడా ఏమీ లేదు. కొట్లోంచి ఇప్పుడే దిగినట్టుంది.

"దీనికి సొట్ట పెట్టలేదేంటండీ అని అడిగానండి" అన్నారావిడ. "అది ఆయనే పెట్టుకుంటారులే అన్నారు. మీరు గురువు గారట కదండీ ఆయనకి. ఈ పనంతా మీ దగ్గరే నేర్చుకున్నానని చెప్పేవారు."

ఇంట్లో కూడా అదే చెప్పారన్నమాట. భార్యకి కూడా.

నేను కాదని చెప్పాలి. మళ్ళీ రెండు సెకన్ల పని. నా ఇరవై ఎనిమిది పళ్ళూ గట్టిగా బిగుసుకుపోయాయి. డబ్బా జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి, వచ్చేశాను.

తిన్నగా బాబుగారి దగ్గరికి వెళ్ళాను. ఎవరో ఒకరికి చెప్పకపోతే ఆ రాత్రి అన్నం దిగేలా లేదు. వరండాలో పేపరు చదువుకుంటున్నారు. నిలబడే చెప్పాను. బొమ్మలు నావి కావని, ఒక్కటి కూడా కాదని, అన్నీ మెకానిక్కు గారివేనని.

బాబుగారు పేపరు మడిచారు. "తెలుసయ్యా" అన్నారు.

"ఎప్పట్నుంచండీ?"

"రెండో సోమవారం నుంచి. రంగు పని చేసేవాడికి ప్రతి సోమవారం ఒకే గోటికి, ఒకేచోట అంటద్దేంటయ్యా?"

"మరి ఎందుకు ఊరుకున్నారండి?"

ఆయన నవ్వారు. పై పన్నొకటి పక్కదాని మీదికి ఎక్కి, ఆ నవ్వు ఎంత సహజంగా ఉందో చెప్పలేను. "అబద్ధం మోసేవాడు తలొంచుకుని పనిచేస్తాడయ్యా. ఇన్నేళ్ళలో నువ్వు జీతం పెంచమన్నావా? ఒక్కరోజు సెలవడిగావా? అలాంటి మేనేజరు నాకు ఎక్కడ దొరుకుతాడు?" పేపరు మళ్ళీ విప్పుకున్నారు. "అవునూ, నీ పళ్ళెవరు కట్టారు? మరీ దొంగపళ్ళలా ఉన్నాయి."

ఇంటికొచ్చాను. నా పాత మారుతి ఇప్పటికీ ఉంది. నేను అమ్మలేదు, ఎవరూ కొంటాననలేదు. బానెట్టు మీద బొమ్మని పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసుకుని చూశాను. పెద్దదానికి గేటు స్తంభం సొట్ట. దానికి తోడు ఈ పన్నెండేళ్ళలో సంపాదించుకున్నవి మరో ఐదారు. చిన్నది కడిగిన ముత్యంలా ఉంది. సొట్ట లేని బండి మనిషిది కాదు. ఆయన మాటే. నన్ను తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి.

సుత్తి, మేకు తెచ్చుకున్నాను. ఎడమ తలుపు మీద మేకు ఆనించి కొట్టాను. మొదటి దెబ్బకి ఏమీ కాలేదు. రెండో దెబ్బకి రంగు పెచ్చు లేచిపోయింది. తలుపు మీద ఒక గుంట, గుంట చుట్టూ పగులు పడ్డాయి. జీవితంలో నా చేత్తో చేసిన మొదటి చేతిపని అది.

మర్నాడు పొద్దున్నే ఆ వీధిలోకి వెళ్ళాను. చుట్టు తిరగకుండా, తిన్నగా. ఆవిడ వాకిట్లో ఉన్నారు. డబ్బా తెరిచి చేతికిచ్చాను.

"అమ్మా, నేను ఆయనకి గురువుని కాను. ఈ పని నాకు రాదు. మిల్లులో ఉన్న బొమ్మలన్నీ ఆయన చేసినవే. నావని చెప్పుకున్నాను. ఇదిగో, ఈ ఒక్క సొట్టే నాది. మిగతా అంతా ఆయనది."

ఆవిడ బొమ్మని వెలుగుకి తిప్పి, చీర చెంగుతో తుడిచి, తలుపు మీద బొటనవేలితో తడిమారు. ఇన్నేళ్ళూ ఆయన పక్కన కూర్చుని చూసిన మనిషి. తర్వాత బొమ్మని తలకిందులు చేసి, లోపలి వైపు చూశారు.

"లోపల అరగదీయలేదు కదండీ మీరు" అన్నారు. "అందుకే పగిలింది."